ఫోన్ ఎంపికలో స్పెసిఫికేషన్లు, కెమెరా: ఏవి చూడాలి, ఎలా చూడాలి?

ఫోన్ ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేవి నాలుగే: మెగాపిక్సెళ్లు, ర్యామ్, బ్యాటరీ, ఛార్జింగ్ వాట్లు. రెండేళ్లు వాడాక మనల్ని విసిగించే సంగతులు వేరే ఉంటాయి. నొక్కిన యాప్ ఆలస్యంగా తెరుచుకోవడం, సాయంత్రమైతే ఫొటోలు మసకబారడం, ఎండలో తెర కనపడకపోవడం, అప్‌డేట్లు ఆగిపోవడం. వీటి ఆనవాళ్లు కూడా స్పెసిఫికేషన్ల పట్టికలోనే ఉంటాయి. కాకపోతే కింద ఎక్కడో, చిన్న అక్షరాల్లో.

స్పెసిఫికేషన్లు చూసి కొనాలా వద్దా అని ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: చూడండి, కానీ వడపోతకు వాడుకోండి. పట్టిక చూసి పది ఫోన్లలో ఏడింటిని ధైర్యంగా పక్కన పెట్టేయొచ్చు. మిగిలిన మూడింటిలో మీకు ఏది నప్పుతుందో మాత్రం పట్టిక చెప్పలేదు. చేతిలోకి తీసుకుని నాలుగు ఫొటోలు తీసి చూస్తేనే అది తెలుస్తుంది. కింది అడుగులు కూడా ఆ వరసలోనే ఉన్నాయి: ముందు వడపోత, తర్వాత పరీక్ష.

మొదటి అడుగు: పాత ఫోన్‌లో మీ వాడకం చూసుకోండి

కొత్త ఫోన్ల జోలికి పోకముందే ఇప్పుడున్న ఫోన్‌లో సెట్టింగ్స్ తెరవండి. స్క్రీన్ టైమ్ పేజీలో ఏ యాప్‌కు ఎన్ని గంటలు పోతున్నాయో ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో దీన్ని డిజిటల్ వెల్‌బీయింగ్ అంటారు. స్టోరేజ్ పేజీలో ఎంత నిండిందో, అందులో ఫొటోలు, వీడియోల వాటా ఎంతో చూడండి. బ్యాటరీ పేజీలో ఛార్జ్‌ని ఎక్కువగా తినేస్తున్నది ఏదో చూడండి. మనం ఎలా వాడుతున్నామని అనుకుంటామో, నిజంగా ఎలా వాడుతున్నామో ఈ మూడు పేజీల్లో తేలిపోతుంది.

తర్వాత గ్యాలరీ తెరిచి చివరి వంద ఫొటోలు తిరగేయండి. ఎన్ని ఇంట్లో లైట్ల కింద తీసినవి? ఎన్నింటిలో పిల్లలో, పెంపుడు జంతువులో కదులుతున్నారు? ఎన్ని బిల్లులు, కాగితాలు, స్క్రీన్‌షాట్లు? ఎన్నిసార్లు దూరంగా ఉన్నదాన్ని జూమ్ చేశారు? కెమెరా మీద ఎంత ఖర్చు పెట్టాలో, ఏ రకం కెమెరా కావాలో ఈ లెక్కే తేలుస్తుంది. సగానికి పైగా కాగితాలూ స్క్రీన్‌షాట్లే అయితే కెమెరా కోసం ఎక్కువ డబ్బు పోయడం దండగ. సగం ఫొటోలు రాత్రి పూట ఇంట్లో తీసినవైతే, తర్వాత చెప్పబోయే సెన్సర్ సైజు మీకు అన్నిటికంటే ముఖ్యం.

చివరగా పాత ఫోన్ మీద మీకున్న మూడు ఫిర్యాదులు ఒక కాగితం మీద రాయండి. మా అత్తయ్య చెప్పిన మూడు ఇవి: కాల్‌లో గొంతు గట్టిగా వినపడాలి, అక్షరాలు పెద్దగా ఉండాలి, మనవడి వీడియోలకు చోటు చాలాలి. ఆ మూడింటిలో మెగాపిక్సెళ్ల ఊసే లేదు. ఆవిడకు కావలసినవి మంచి స్పీకర్, పెద్ద తెర, ఎక్కువ స్టోరేజ్. ఆ కాగితం చేతిలో ఉంటే దుకాణంలో ఎవరు ఏం చెప్పినా మనసు చెదరదు.

రెండో అడుగు: అప్‌డేట్లు ఎన్నేళ్లో ముందే తేల్చుకోండి

చాలామంది దీన్ని చివర్లో చూస్తారు, కొందరు అసలే చూడరు. నేనైతే వడపోత ఇక్కడే మొదలుపెడతాను. ఫోన్ గాజు పగలకుండా, బ్యాటరీ బాగానే ఉన్నా సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతే అందులో బ్యాంకింగ్ యాప్‌లు పెట్టుకోవడం రిస్కే. కొన్నాళ్లకు ఆ యాప్‌లే పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీద పనిచేయడం మానేస్తాయి.

చూడాల్సినవి రెండు అంకెలు. ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్లు ఎన్ని ఇస్తారు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు. రెండూ వేరు. రెండేళ్లు కొత్త వెర్షన్లు, మూడేళ్లు సెక్యూరిటీ అన్నట్టుగా మాట ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి. గూగుల్ 2023లో పిక్సెల్ 8తో, శాంసంగ్ 2024లో గెలాక్సీ ఎస్24తో ఏడేళ్ల హామీ మొదలుపెట్టాయి. 2015లో వచ్చిన ఐఫోన్ 6ఎస్‌కు 2021 నాటి ఐఓఎస్ 15 కూడా అందింది. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమలైన నిబంధనల ప్రకారం, ఒక మోడల్ అమ్మకాలు ఆగిన తర్వాత కూడా కనీసం అయిదేళ్లు ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు అందాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కంపెనీలు లెక్క మొదలుపెట్టేది సాధారణంగా మోడల్ విడుదలైన రోజు నుంచి, మీరు కొన్న రోజు నుంచి కాదు. నాలుగేళ్ల హామీ ఉన్న ఫోన్‌ను విడుదలైన ఏడాదిన్నరకు డిస్కౌంట్‌లో కొంటే మీ చేతికి వచ్చేది రెండున్నరేళ్లే. కాబట్టి విడుదల తేదీ చూసి, మిగిలిన ఏళ్లతో ధరను భాగించండి. ఏడాదికి ఎంత పడుతుందో తెలిస్తే, చౌకగా కనిపించిన ఫోన్ ఒక్కోసారి ఖరీదైనదని బయటపడుతుంది.

మూడో అడుగు: ప్రాసెసర్‌లో ఏం చూడాలి

ప్రాసెసర్ పేర్లు గందరగోళంగా ఉంటాయి. స్థూలంగా చెప్పాలంటే క్వాల్‌కామ్ కంపెనీ తయారుచేసే స్నాప్‌డ్రాగన్‌లో 8 సిరీస్ పైమెట్టు, తర్వాత 7, 6, 4. మీడియాటెక్ డైమెన్సిటీలో 9000 వరస పైది, తర్వాత 8000, 7000, 6000. పై వరసలోని రెండేళ్ల కిందటి చిప్ చాలాసార్లు కింది వరసలోని కొత్త చిప్ కంటే వేగంగా ఉంటుంది. కొత్తగా వచ్చింది కదా అని అంకె పెద్దదాని వైపు పరుగెత్తకండి.

"ఆక్టాకోర్" (అంటే చిప్‌లో లెక్కలు చేసే భాగాలు, అంటే కోర్లు, ఎనిమిది) అనే మాటకు ఇప్పుడు పెద్ద విలువ లేదు. ఎనిమిది కోర్లూ చిన్నవైతే ఫోన్ నత్తనడకే. పట్టికలో కార్టెక్స్-ఎ55 లాంటివి చిన్న కోర్లు, కార్టెక్స్-ఎ78 లాంటివి పెద్దవి. యాప్ తెరవడం, వెబ్ పేజీ లోడ్ అవడం లాంటి పనుల్లో భారం ఎక్కువగా పెద్ద కోర్ల మీదే పడుతుంది. కనీసం రెండు పెద్ద కోర్లు లేని ఫోన్‌ను మూడేళ్లు వాడాలనుకునేవారికి నేను సిఫార్సు చేయను.

ప్రాసెసర్ ఎంపిక కెమెరానూ శాసిస్తుంది. ఫొటోకు రంగు దిద్ది, నాయిస్ (చీకట్లో పడే చుక్కలు) తగ్గించి, నాలుగైదు ఫ్రేములను కలిపే ఇమేజ్ ప్రాసెసర్ ఈ చిప్‌లోనే ఉంటుంది. ఒకే సెన్సర్ రెండు ఫోన్లలో ఉన్నా, చిప్ బలహీనంగా ఉన్నదాంట్లో ఫొటో తయారవడానికి ఎక్కువసేపు పడుతుంది, 4కె వీడియో సెకనుకు 60 ఫ్రేములతో రాకపోవచ్చు.

గేమ్స్ ఆడేవారు బెంచ్‌మార్క్ స్కోర్ (వేగాన్ని కొలిచే యాప్‌లు ఇచ్చే మార్కు) ఒక్కటే చూస్తే చాలదు. ఆ స్కోర్ మొదటి కొన్ని నిమిషాలది. ఫోన్ వేడెక్కాక చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అరగంట ఆడాక ఫ్రేములు ఎంత నిలకడగా ఉన్నాయో చూపించే రివ్యూ వెతకండి.

నాలుగో అడుగు: ర్యామ్, స్టోరేజ్

ర్యామ్ గురించి ముందుగా ఒక హెచ్చరిక. పెట్టె మీద "8+8" అని ఉంటే 16 జీబీ ర్యామ్ అనుకోవద్దు. రెండో ఎనిమిది స్టోరేజ్ నుంచి అరువు తెచ్చుకున్నది. స్టోరేజ్ ర్యామ్ కంటే చాలా నెమ్మది, కాబట్టి దానివల్ల ఒరిగేది కొంతే. అసలు ర్యామ్ ఎంతో చూడండి. మామూలు వాడకానికి ఆండ్రాయిడ్‌లో 6 జీబీ కనీసం, నాలుగేళ్లు వాడాలంటే 8 జీబీ మంచిది. అంతకు మించి కావలసింది పెద్ద గేమ్స్, వీడియో ఎడిటింగ్, ఫోన్‌లోనే నడిచే ఏఐ పనులు ఉన్నవారికి. ఐఫోన్ల ర్యామ్‌ను ఈ అంకెలతో పోల్చకండి, రెండు సిస్టమ్‌లూ మెమరీని వేర్వేరుగా వాడుకుంటాయి.

స్టోరేజ్‌లో ఎంత అన్నదే కాదు, ఏ రకం అన్నది కూడా చూడాలి. ఫోన్ ముసలిదవుతున్న కొద్దీ హ్యాంగ్ అవడానికి ర్యామ్‌ను తిట్టుకుంటాం గానీ, చౌక ఫోన్లలో అసలు దోషి తరచూ ఈఎంఎంసీ అనే పాత, నెమ్మది రకం స్టోరేజ్. దానికంటే వేగమైన రకం పేరు యూఎఫ్ఎస్. ఈఎంఎంసీ 5.1 డేటా చదివే వేగం సెకనుకు సుమారు 300 ఎంబీ. యూఎఫ్ఎస్ 2.2 అయితే దాదాపు 1000, యూఎఫ్ఎస్ 3.1 దాదాపు 2000, యూఎఫ్ఎస్ 4.0 దాదాపు 4000. పైగా ఈఎంఎంసీ ఒకేసారి చదవడమో రాయడమో ఏదో ఒకటే చేయగలదు, యూఎఫ్ఎస్ రెండూ కలిపి చేస్తుంది. వెనకాల యాప్‌లు అప్‌డేట్ అవుతుంటే చౌక ఫోన్ ముందు తెర మీద మొరాయించడానికి ఇదొక కారణం. ఒకే ఫోన్‌లో తక్కువ స్టోరేజ్ వేరియంట్‌కు నెమ్మది రకం, ఎక్కువ స్టోరేజ్ వేరియంట్‌కు వేగమైన రకం పెట్టే కంపెనీలూ ఉన్నాయి. మీరు కొనబోయే వేరియంట్‌కే ఆ వివరం సరిచూసుకోండి.

పరిమాణం సంగతి. మొదటి అడుగులో చూసిన అంకెకు రెట్టింపు తీసుకోండి. 4కె వీడియో నిమిషానికి కొన్ని వందల ఎంబీలు తీసుకుంటుంది. మెమరీ కార్డు పెట్టుకునే వీలు చాలా ఫోన్లలో ఇప్పుడు లేదు. స్టోరేజ్ పూర్తిగా నిండితే ఫోన్ వేగమూ పడిపోతుంది.

అయిదో అడుగు: తెర

ఇక్కడ ఎక్కువ ఆలోచించాల్సిన పనిలేదు. ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలిగే ఓఎల్ఈడీ తెర ఉంటే నలుపు నలుపుగా కనిపిస్తుంది. రిఫ్రెష్ రేట్ (సెకనుకు తెర మీద బొమ్మ ఎన్నిసార్లు మారుతుందన్న లెక్క) 60 హెర్ట్జ్ నుంచి 120కి మారితే స్క్రోలింగ్‌లో తేడా వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్ల బదులు 8.3కే మారుతుంది. ఆరు, ఆరున్నర అంగుళాల తెర మీద ఫుల్ హెచ్‌డీ ప్లస్ రిజల్యూషన్ చాలు. అంతకన్నా ఎక్కువ ఉన్నా కంటికి పెద్దగా తేడా తెలియదు.

వెలుతురు విషయంలోనే జాగ్రత్త. 3000 నిట్స్, 4500 నిట్స్ (నిట్ అంటే తెర వెలుగును కొలిచే యూనిట్) అని రాసేది పీక్ బ్రైట్‌నెస్, అంటే తెరలో ఒక చిన్న భాగం కొద్దిసేపు మెరిసే తీవ్రత. ఎండలో చదవడానికి పనికొచ్చేది హై బ్రైట్‌నెస్ మోడ్‌లో మొత్తం తెర ఎంత వెలుగుతుందన్న అంకె. వీలైతే ఫోన్‌ను దుకాణం గుమ్మం దాకా తెచ్చి ఎండలో చూడండి. తక్కువ బ్రైట్‌నెస్‌లో తెర చూస్తే తలనొప్పి వచ్చేవారు పీడబ్ల్యూఎం ఫ్రీక్వెన్సీ (వెలుగు తగ్గించడానికి తెర సెకనుకు ఎన్నిసార్లు ఆరి వెలుగుతుందన్న అంకె) ఎక్కువ ఉన్న తెర గానీ, ఎల్‌సీడీ గానీ చూసుకోవాలి.

ఆరో అడుగు: బ్యాటరీ, ఛార్జింగ్

5000 ఎంఏహెచ్ (బ్యాటరీ సైజును చెప్పే కొలత) రెండు ఫోన్లలో ఉన్నా ఒకటి రాత్రి దాకా వస్తుంది, ఇంకోటి సాయంత్రానికే చేతులెత్తేస్తుంది. ప్రాసెసర్ ఎంత పొదుపుగా తయారైంది, తెర ఎంత తింటోంది, సిగ్నల్ ఎంత బలంగా ఉంది అన్నవి బ్యాటరీ సైజుతో సమానంగా పనిచేస్తాయి. అందుకే ఎంఏహెచ్ పక్కన పెట్టి, ఒకే పద్ధతిలో పలు ఫోన్లను పరీక్షించిన రివ్యూలో ఎన్ని గంటలు వచ్చిందో చూడండి.

ఛార్జింగ్ వాట్లు కూడా అంతే. 100 వాట్లు అంటే మొదట్లో కొన్ని నిమిషాలు ఉండే వేగం, ఆ తర్వాత తగ్గుతూ పోతుంది. సున్నా నుంచి వందకు ఎన్ని నిమిషాలు అన్నదే పనికొచ్చే అంకె. ఆ వేగం కంపెనీ సొంత ఛార్జర్‌తోనే వస్తుందా, మామూలు యూఎస్‌బీ పవర్ డెలివరీ ఛార్జర్‌తోనూ వస్తుందా అని కనుక్కోండి. పెట్టెలో ఛార్జర్ ఉందో లేదో అడగండి, లేకపోతే దాని ధర కూడా కలుపుకోండి.

ఆయుష్షు గురించి మరో అంకె అడగొచ్చు: ఎన్ని సైకిళ్ల (పూర్తి ఛార్జ్‌కు సమానమైన వాడకాల) తర్వాత బ్యాటరీలో 80 శాతం సామర్థ్యం మిగులుతుంది? యూరోపియన్ నిబంధనలు కనీసం 800 సైకిళ్లు కోరుతున్నాయి. దానికన్నా తక్కువ చెప్పే ఫోన్‌ను ఎక్కువ కాలం కోసం కొనకండి.

ఏడో అడుగు: కెమెరా పట్టిక చదవడం

మెగాపిక్సెళ్లతో మొదలుపెడదాం, ఎందుకంటే జనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. 200 మెగాపిక్సెల్ కెమెరా మామూలుగా తీసే ఫొటో 12.5 మెగాపిక్సెళ్లది. పక్కపక్కన ఉన్న 16 పిక్సెళ్లను కలిపి ఒక్కటిగా లెక్కిస్తుంది. 108 మెగాపిక్సెల్ సెన్సర్ తొమ్మిదింటిని కలిపి 12 ఇస్తుంది. 50 మెగాపిక్సెళ్లది నాలుగింటిని కలిపి మళ్లీ 12.5 ఇస్తుంది. అంటే ప్రకటనలో నాలుగు రెట్ల తేడా కనిపించిన రెండు ఫోన్లు మీ గ్యాలరీలో పెట్టేది ఒకే సైజు ఫొటో. 4కె టీవీ తెర మొత్తం నింపడానికి 8.3 మెగాపిక్సెళ్లు చాలు. ఏ4 కాగితం మీద అచ్చు వేయడానికి తొమ్మిదికి లోపే సరిపోతాయి. ఐఫోన్ 2015లో 6ఎస్ నుంచి 2021లో 13 ప్రో దాకా వెనక కెమెరాను 12 మెగాపిక్సెళ్లలోనే ఉంచింది. అన్నేళ్లలో ఆ ఫొటోలు ఎంత మెరుగుపడ్డాయో చూసినవారికి అంకెతో పనిలేదని తెలుసు.

మరి ఏది చూడాలి? సెన్సర్ సైజు. వెలుతురును పట్టుకునే గిన్నె అది, ఎంత పెద్దదైతే అంత వెలుతురు పడుతుంది. పట్టికలో 1/1.56 అంగుళాలు, 1/2.76 అంగుళాలు అన్నట్టు రాస్తారు. గీత కింద అంకె చిన్నదైతే సెన్సర్ పెద్దది. ఉదాహరణకు శాంసంగ్ జేఎన్1, సోనీ ఐఎంఎక్స్766 రెండూ 50 మెగాపిక్సెల్ సెన్సర్లే. మొదటిదాంట్లో ఒక్కో పిక్సెల్ 0.64 మైక్రాన్లు, రెండోదాంట్లో 1 మైక్రాన్. విస్తీర్ణంలో చూస్తే రెండో పిక్సెల్ దాదాపు రెండున్నర రెట్లు పెద్దది. పగటి ఎండలో ఈ తేడా అంతగా తెలియదు. రాత్రి హాల్లో ఒక్క లైటు కింద పిల్లల ఫొటో తీస్తే, ఒకదాంట్లో జుట్టు పోగులు విడివిడిగా ఉంటాయి, మరోదాంట్లో నల్లటి ముద్దలా ఉంటుంది. పెట్టె మీద మాత్రం రెండింటికీ "50 ఎంపీ" అనే ఉంటుంది.

సెన్సర్ పేరు పెట్టె మీద లేకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లోనో, వివరంగా రాసిన రివ్యూలోనో దొరుకుతుంది. ఎక్కడా రాయలేదంటే చెప్పుకోదగ్గది కాదని అనుకోవచ్చు.

ఎపర్చర్ అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం. దాని అంకె తగ్గితే వెలుతురు పెరుగుతుంది. ఎఫ్/1.8 లెన్స్ ఎఫ్/2.4 కన్నా దాదాపు 1.8 రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి పంపుతుంది. అయితే ఎఫ్/1.8కీ ఎఫ్/1.7కీ మధ్య తేడాను పట్టించుకోనక్కర్లేదు.

ఓఐఎస్ ఉందో లేదో తప్పకుండా చూడండి. లెన్స్‌నో సెన్సర్‌నో చేతి వణుకుకు తగ్గట్టు కదిపే ఏర్పాటు ఇది. తక్కువ వెలుతురులో షటర్ ఎక్కువసేపు తెరిచి ఉన్నా ఫొటో చెదరకుండా కాపాడుతుంది. ఈఐఎస్ అనేది సాఫ్ట్‌వేర్ చేసే పని, వీడియో అంచులు కోసి నిలకడ తెస్తుంది. స్టిల్ ఫొటోకు అది సాయం చేయదు. ఒక మాట గుర్తుంచుకోండి: ఓఐఎస్ ఆపేది మీ చేతి కదలికనే. ఎదురుగా పరుగెత్తే పిల్లాడిని ఆపలేదు. అక్కడ కావలసింది పెద్ద సెన్సర్, వేగమైన షటర్.

వెనక నాలుగు కెమెరాలు ఉన్నాయంటే మురిసిపోకండి. వాటిలో 2 మెగాపిక్సెల్ మాక్రో (దగ్గరి వస్తువుల కోసం), 2 మెగాపిక్సెల్ డెప్త్ (దూరం అంచనాకు) ఉంటే అవి లెక్క పెంచడానికి పెట్టినవే. ఒక మంచి మెయిన్ కెమెరా, ఎక్కువ వెడల్పును పట్టే ఒక మంచి అల్ట్రావైడ్ ఉన్న ఫోన్ అలాంటి నాలుగు కెమెరాల ఫోన్ కంటే మేలు. అల్ట్రావైడ్‌కు ఆటోఫోకస్ ఉంటే దగ్గరి వస్తువులను అదే చక్కగా తీస్తుంది, వేరే మాక్రో అక్కర్లేదు. జూమ్ కావాలంటే దూరాన్ని దగ్గర చేసే టెలిఫొటో లెన్స్ ఉందో లేదో, అది ఆప్టికల్‌గా (అంటే కోయకుండా లెన్స్‌తోనే) ఎన్ని రెట్లో చూడండి. "100 ఎక్స్" అన్నది డిజిటల్ జూమ్, ఉన్న ఫొటోను కోసి సాగదీయడమే.

ఇక పట్టికలో ఎక్కడా కనపడని అసలు సంగతి సాఫ్ట్‌వేర్. 2018 నవంబర్‌లో గూగుల్ తన కెమెరా యాప్‌కు నైట్ సైట్ అనే అప్‌డేట్ ఇచ్చింది. అది కొత్త పిక్సెల్ 3కే కాక, 2016లో వచ్చిన మొదటి పిక్సెల్‌కూ అందింది. సెన్సర్ అదే, లెన్స్ అదే, వెనక ఉన్నది ఒక్కటే కెమెరా. అయినా నిన్నటిదాకా చీకటి తప్ప ఏమీ రాని చోట ఒక్కసారిగా మనుషుల ముఖాలు కనపడ్డాయి. వరసగా తీసిన చాలా ఫ్రేములను ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చి కలపడమే అందులో కిటుకు. ఒకే సెన్సర్ పెట్టుకున్న రెండు కంపెనీల ఫోన్లు వేర్వేరు ఫొటోలు ఇవ్వడానికీ ఇదే కారణం. ఈ ప్రతిభను ఏ అంకెతోనూ కొలవలేం, అందుకే తర్వాతి అడుగు.

వీడియో తీసేవారు మరో మూడు చూసుకోవాలి. 4కెలో స్టెబిలైజేషన్ పనిచేస్తుందా, 1080పీలోనేనా? అల్ట్రావైడ్‌తో ఎంత రిజల్యూషన్ వస్తుంది? ముందు కెమెరాతో ఎంత? మెయిన్ కెమెరాకు 4కె 60 అని గొప్పగా రాసి, మిగతా రెంటికీ 1080పీ 30 మాత్రమే ఇచ్చే ఫోన్లు బోలెడు. వీడియో కాల్స్, రీల్స్ ఎక్కువ చేసేవారికి ముందు కెమెరాలో ఆటోఫోకస్ కూడా పనికొస్తుంది.

ఎనిమిదో అడుగు: పావుగంటలో కెమెరా పరీక్ష

ఇప్పటికి మీ దగ్గర రెండు మూడు పేర్లు మిగిలి ఉంటాయి. డెమో ఫోన్ ఉన్న దుకాణానికి వెళ్లండి, లేదా ఆ ఫోన్ ఉన్న స్నేహితుడిని అడగండి. కంపెనీ చూపించే నమూనా ఫొటోలు మంచి వెలుతురులో, కదలని వస్తువులతో తీసినవి. వాటితో ఏదీ తేలదు.

తోడుగా వచ్చినవారిని కిటికీకో, వెలుగున్న గుమ్మానికో వీపు పెట్టి నిలబెట్టి ఫొటో తీయండి. ముఖం కనపడాలి, వెనక ఆకాశం తెల్లగా మాడిపోకూడదు. చర్మం రంగు మీ కళ్లెదుట ఉన్నట్టే ఉందా, తెల్లగా పూసినట్టు ఉందా చూడండి. బ్యూటీ మోడ్ ముందుగానే ఆన్‌లో ఉండొచ్చు, ఉంటే దాన్ని ఆపేసి మళ్లీ తీయండి. తర్వాత వారిని మామూలుగా నడవమని, చెయ్యి ఊపమని చెప్పి, వెలుతురు కాస్త తక్కువగా ఉన్న మూల నాలుగు ఫొటోలు తీయండి. జూమ్ చేసి కనుబొమ్మలు, చేతివేళ్లు చూడండి. నాలుగింటిలో మూడైనా స్పష్టంగా లేకపోతే ఇంట్లో పిల్లల ఫొటోలు ఇలాగే వస్తాయి.

షటర్ ఆలస్యం కొలవడానికి మీ పాత ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చేసి కొత్త ఫోన్‌తో దాన్ని ఫొటో తీయండి. స్టాప్‌వాచ్‌లో సెకను మారిన క్షణంలో బటన్ నొక్కాలి. ఫొటోలో పడిన అంకె మీరు నొక్కినప్పటి అంకెకు ఎంత దూరంలో ఉందో అంత ఆలస్యం. ఒకటికి రెండుసార్లు చేయండి, మీ వేలి ఆలస్యం కూడా కొంత కలుస్తుంది కాబట్టి. పోల్చే ఫోన్లన్నింటికీ ఇదే చేస్తే తేడా తెలిసిపోతుంది. క్షణం తర్వాత ఫొటో పడే కెమెరా ఎంత గొప్పదైనా, పిల్లాడి నవ్వు పోయాక ముఖమే దొరుకుతుంది.

జూమ్ నిజమో కాదో చూడటానికి 3 ఎక్స్ నొక్కి, టెలిఫొటో లెన్స్‌ను వేలితో మూయండి. తెర నల్లబడితే నిజంగా ఆ లెన్సే పనిచేస్తోంది. బొమ్మ అలాగే ఉంటే మెయిన్ కెమెరా నుంచి కోసి చూపిస్తోందన్నమాట. వెలుతురు తక్కువైనప్పుడు, వస్తువు దగ్గరగా ఉన్నప్పుడు చాలా ఫోన్లు ఇలాగే చేస్తాయి, కాబట్టి కాస్త దూరంగా, వెలుతురున్న వస్తువుతో కూడా పరీక్షించండి.

ఒక నిమిషం వీడియో నడుస్తూ తీయండి. మధ్యలో 1 ఎక్స్ నుంచి అల్ట్రావైడ్‌కు మారండి. రంగు ఒక్కసారిగా మారిపోతోందా? ఫోకస్ ఊగిసలాడుతోందా? మాట స్పష్టంగా రికార్డ్ అయిందా?

అన్నీ అయ్యాక ఫొటోలను ఆ ఫోన్‌లోనే చూసి తీర్పు చెప్పకండి. ఖరీదైన తెర మీద సాదా ఫొటో కూడా మెరిసిపోతుంది. అన్ని ఫోన్ల ఫొటోలనూ మీ పాత ఫోన్‌కు పంపుకుని, ఇంటికెళ్లి ఒకే తెర మీద పక్కపక్కన చూడండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపాలి, లేకపోతే ఫొటో కుదించుకుపోయి పోలికకు అర్థం ఉండదు. పంపాక డెమో ఫోన్‌లోంచి మీ ఫొటోలను, లాగిన్ అయి ఉంటే మీ అకౌంట్‌ను తీసేయడం మరచిపోకండి.

తొమ్మిదో అడుగు: ఎవరూ చెప్పని చిన్న విషయాలు

ఇవి పట్టికలో అడుగున ఉంటాయి, కొన్నాక ఏడిపిస్తాయి. ప్రాక్సిమిటీ సెన్సర్ (ఫోన్ చెవి దగ్గరికి రాగానే తెర ఆర్పేది) నిజమైనదా, సాఫ్ట్‌వేర్‌తో నెట్టుకొచ్చేదా? రెండోదైతే కాల్‌లో తెర ఆరకపోయి, చెంప తగిలి మ్యూట్ పడుతుంది. దుకాణంలోనే ఒక కాల్ చేసి చూడండి. ఫోన్ తిరగడాన్ని గుర్తించే జైరోస్కోప్ లేకపోతే వీడియో స్టెబిలైజేషన్, 360 డిగ్రీల వీడియోలు సరిగా పనిచేయవు. వీడియోలు కాపీ కాకుండా కాపాడే వైడ్‌వైన్ అనే ఏర్పాటులో ఎల్1 స్థాయి లేకుండా ఎల్3 ఉంటే ఓటీటీ యాప్‌లలో సినిమా హెచ్‌డీలో రాదు, తెర ఎంత గొప్పదైనా సరే. మీ నెట్‌వర్క్ వాడే 4జీ, 5జీ బ్యాండ్లు ఆ మోడల్‌లో ఉన్నాయో చూడండి, వేరే దేశం నుంచి తెప్పించుకునేవారు మరీ ముఖ్యంగా. ఫోన్ తాకించి చెల్లింపులు చేసే అలవాటుంటే ఎన్‌ఎఫ్‌సీ కావాలి.

ఐపీ67 అంటే మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుందని. ఐపీ68 అంతకంటే ఎక్కువ, ఎంత ఎక్కువో కంపెనీయే చెబుతుంది. ఐపీ54 చినుకుల వరకే. ఈ పరీక్షలు మంచినీటిలో చేసేవి, సముద్రపు నీటికీ సబ్బు నీటికీ వర్తించవు. పైగా చాలా వారంటీల్లో నీటి వల్ల జరిగిన నష్టం చేరదు.

పదో అడుగు: చివరి రెండు ఫోన్ల మధ్య

సాధారణంగా చివరికి మిగిలే పోటీ, గత ఏడాది పైస్థాయి ఫోన్‌కూ ఈ ఏడాది మధ్యస్థాయి ఫోన్‌కూ మధ్య. కెమెరా, వీడియో, చిప్ వేగం మీ కాగితంలో ఉంటే పాత పైస్థాయి ఫోన్ వైపు వెళ్లండి. పెద్ద సెన్సర్, మంచి ఓఐఎస్, టెలిఫొటో మూడూ కలిసి ఉన్న మధ్యస్థాయి ఫోన్లు తక్కువే. బ్యాటరీ ఎక్కువ రావాలి, ఛార్జింగ్ త్వరగా అవ్వాలి, అప్‌డేట్లు ఎక్కువ ఏళ్లు మిగిలి ఉండాలి అంటే కొత్త మధ్యస్థాయి ఫోన్ తీసుకోండి. రెండూ సమానంగా అనిపిస్తే మీ ఊళ్లో సర్వీస్ సెంటర్ ఉన్న కంపెనీని, తెర మార్పిడి ఖర్చు తక్కువున్న మోడల్‌ను ఎంచుకోండి. ఆ ఖర్చు కొనకముందే కంపెనీ వెబ్‌సైట్‌లో చూడొచ్చు.

పదకొండో అడుగు: కొన్న మొదటి వారం

ముందుగా *#06# డయల్ చేసి, కనిపించిన ఐఎంఈఐ నంబర్ (ప్రతి ఫోన్‌కూ ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) పెట్టె మీద, బిల్లు మీద ఉన్నదానితో సరిపోయిందో చూడండి. అప్‌డేట్ ఏదైనా ఉంటే వేసేయండి, విడుదలైన కొత్తలో కెమెరా లోపాలు చాలావరకు తొలి అప్‌డేట్లతోనే సర్దుకుంటాయి. తెర మీద పూర్తి తెలుపు, పూర్తి నలుపు బొమ్మలు పెట్టి చచ్చిన పిక్సెళ్లు ఉన్నాయేమో వెతకండి. ప్రతి లెన్స్‌తోనూ దగ్గరి అక్షరాలు, దూరపు బోర్డు ఫొటో తీసి, ఒక అంచు మాత్రమే మసకగా వస్తోందేమో గమనించండి. అలా వస్తే లెన్స్ వంకరగా బిగించారన్నమాట, ఫోన్ మార్చమని అడగాల్సిందే. మ్యాప్స్ తెరిచి ఆరుబయట నీలి చుక్క ఎంతసేపటికి కుదురుకుంటుందో చూడండి. ఇంట్లో సిగ్నల్ బలహీనంగా ఉండే గది నుంచి ఓ పది నిమిషాలు కాల్ మాట్లాడండి.

ఇవన్నీ రిటర్న్ గడువు లోపలే పూర్తిచేయాలి. బిల్లు, పెట్టె, లోపలి కాగితాలు అప్పటిదాకా పారేయొద్దు. పాత ఫోన్‌ను కూడా ఆ గడువు ముగిశాకే ఫ్యాక్టరీ రీసెట్ చేసి అమ్మండి. ఈలోగా ఓ సాయంత్రం ఒకే గదిలో, ఒకే మనిషిని రెండు ఫోన్లతోనూ తీసి పోల్చండి. కెమెరా కోసమే డబ్బు పెట్టి ఉంటే, ఆ రెండు ఫొటోల్లో మీకు తేడా కనపడకపోయినప్పుడు ఫోన్‌ను వెనక్కి ఇచ్చేయండి.